మనవల వేసవి పెట్టెలు: మార్చి నుంచి మే దాకా

మార్చి చివర

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే నాకు పెట్టెల పని మొదలైనట్టే. ఈసారి మూడు సర్దాలి. హైదరాబాద్‌లో పెద్దమ్మాయి పిల్లలిద్దరికీ కలిపి ఒకటి, బెంగళూరులో అబ్బాయి కూతురికి ఒకటి, విశాఖలో చిన్నమ్మాయి కొడుక్కి ఒకటి. వాడికింకా రెండేళ్లు నిండలేదు కాబట్టి వాడి పెట్టె లెక్క వేరు.

పిల్లలు రాజమండ్రి వచ్చి ఉండేది సెలవుల చివర్లో ఓ పది రోజులు. అప్పటిదాకా అపార్ట్‌మెంట్‌లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ఎండకి బయటికి పోలేక ఫోన్ పట్టుకుని కూర్చుంటారని వాళ్ళమ్మల గోల. నా పెట్టె ఆ మూడు గంటల కోసం. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: పెట్టెలోవి చాలావరకు సగం పనిలోనే ఉండాలి, మిగతా సగం వాళ్ళు చేసుకోవాలి. పూర్తిగా చేసి పంపిన పిండివంట డబ్బా రెండో రోజుకే ఖాళీ అవుతుంది, ఆ తర్వాత మళ్ళీ ఫోనే.

ముందు బట్టలు మొదలుపెట్టాను, ఎందుకంటే కుట్టుకి టైం పడుతుంది. పాత నూలు చీరలు బీరువాలో బోలెడున్నాయి. చీరని వెలుగుకి పట్టి చూస్తే పలచబడిన చోటు తెలిసిపోతుంది. అక్కడ వదిలేసి, గట్టిగా ఉన్న ముక్కలోంచే కత్తిరించాలి. కొలతలకి పిల్లల్ని నిలబెట్టి టేపు పెట్టమంటే వాళ్ళు నిలబడరు. ఇప్పుడు సరిపోతున్న గౌను ఒకటి మంచం మీద పరిచి, పక్కన టేపు పెట్టి వాట్సాప్‌లో ఫొటో పంపమంటాను. దానికి చుట్టూ రెండంగుళాలు, పొడవుకి మూడంగుళాలు కలుపుతాను. అంచు మడత లోపలికి ఎక్కువ పెడితే వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. లేత రంగులే తీసుకున్నాను, ముదురు రంగు వేడిని లాగేస్తుంది.

ఏప్రిల్ మొదటి వారం

అష్టాచెమ్మా పటం గుడ్డ మీద కుడుతున్నాను. గడి రెండున్నర అంగుళాలు, అడ్డం ఐదు, నిలువు ఐదు. అన్నీ కలిపి పన్నెండున్నర అంగుళాల చదరం, చుట్టూ మడతకి ఇంకో అంగుళం. గీతలు నేను కాడ కుట్టుతో వేశాను. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడి గడిలోనూ వేసే ఇంటు గుర్తులు మాత్రం వదిలేశాను. పెన్సిల్‌తో గీసి, మొద్దు సూది, ఎర్ర దారం జతచేసి పెట్టా. హైదరాబాద్ మనవరాలికి పదేళ్ళు, ఆ ఐదు గుర్తులూ అదే కుట్టుకోవాలి.

పందెం వెయ్యడానికి గవ్వలు పెట్టొచ్చు కానీ, చింతపిక్కలే పంపుతున్నాను. పిక్కని గచ్చు మీద ఒక వైపే అరగదీస్తే తెల్లటి పప్పు బయటపడుతుంది. అలాంటివి నాలుగు కావాలి. ఒకటి నేను అరగదీసి నమూనాగా పెట్టాను, మూడు వాళ్ళు బాల్కనీలో కూర్చుని చేసుకుంటారు. ఓపికగా రుద్దితే ఒక్కో పిక్కకి బాగానే టైం పడుతుంది, మనకి కావలసిందీ అదే. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. రెండింటికీ మళ్ళీ ఆట. ఒక్కో ఊళ్ళో ఒక్కో పద్ధతి ఉంటుంది గనక, మా ఇంట్లో ఆడే పద్ధతి ఒక కాగితం మీద రాసి పెట్టాను: ఎదుటివాళ్ళ కాయని ఒక్కటైనా చంపితేగాని లోపలి వరసలోకి వెళ్ళకూడదు. ఇది రాయకపోతే ఫోన్ చేసి నన్ను తగవు తీర్చమంటారు.

బెంగళూరు పిల్ల వామనగుంటలు అడిగింది. చెక్క పీట వాళ్ళింట్లో ఉంది, గింజలే పోయాయట. మా ఇంట్లో గుంటకి ఐదు చొప్పున ఆడతాం, పద్నాలుగు గుంటలకి డెబ్బై. చింతపిక్కలే పంపాను, పదో పదిహేనో ఎక్కువే వేశాను, సోఫా కిందకి పోయేవి పోతాయి. పక్కింటావిడ గురివింద గింజలిస్తానంది, చూడ్డానికి అందంగా ఉంటాయి కూడా. వద్దన్నాను. గురివింద గింజ విషం, నమిలితే ప్రాణం మీదకే వస్తుంది. పిల్లలుండే ఇంట్లోకి అది రాకూడదు.

విశాఖ బుడ్డోడికి గింజల్లేవు, గవ్వల్లేవు, బొత్తాలున్న బట్టలు కూడా లేవు. నోట్లో పెట్టుకోనిది లేదు వాడికి. చీర ముక్కలు కుక్కి కుట్టిన గుడ్డ బంతి, ముడులేసే చొక్కాలు, మొలకెత్తించిన రాగుల పిండి. రాగులు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వార్చి, గుడ్డలో మూట కట్టి మొలకలొచ్చాక నీడలో ఆరబెట్టాను. సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మర పట్టించాను.

ఏప్రిల్ మూడో వారం

సున్నుండల గురించి కాస్త వివరంగా రాసుకోవాలి, ఎవరడిగినా ఇదే చెబుతున్నాను. ఏప్రిల్ ఎండలో ఉండలు కట్టి పంపితే నెయ్యి కరిగి అట్టకి పట్టేస్తుంది, పక్కనున్న బట్టలకీ అంటుతుంది. అందుకే పిండి పంపడమే మేలు. కిలో మినప్పప్పు, గుప్పెడు బియ్యం కలిపి, మంట బాగా తగ్గించి, గింజ లోపలిదాకా ఎర్రబడేట్టు వేయించాలి. తొందరపడితే పైన మాడి లోపల పచ్చి వాసన మిగులుతుంది. పూర్తిగా చల్లారాకే మర పట్టించాలి. బెల్లం తురుము వేరే పొట్లం. రెండూ ముందే కలిపితే బెల్లం తడికి పిండి ఉండకడుతుంది. నెయ్యి అసలు పంపను, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. డబ్బా మూత మీద కాగితం అంటించాను: గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు బెల్లం, కరిగించిన నెయ్యి కొద్దికొద్దిగా, పిడికిట్లో ఉండ నిలిచేదాకా. నెయ్యి కరిగించేది అమ్మ, ఉండలు చుట్టేది మీరు.

హైదరాబాద్ పెద్దాడికి వేరుశనగ పడదు. పప్పుచెక్కలు మూడు పెట్టెల్లోనూ మానేశాను. మరకి వెళ్ళేటప్పుడు కూడా అంతకుముందు ఏం పట్టారో అడిగి, వేరుశనగైతే ఇంకో రోజు వెళ్ళాను. రుబ్బే చోట జాగ్రత్త లేకపోతే డబ్బా మీద ఏం రాసినా దండగే.

సబ్జా గింజలు చిన్న సీసాలో. తోటకూర విత్తనాలు ఇసుకలో కలిపేసి పొట్లం కట్టాను. అవి మరీ సన్నం కదా, విడిగా చల్లితే అన్నీ ఒకేచోట పడతాయి. బాల్కనీ కుండీలో చల్లి, చేత్తో నీళ్ళు చిలకరిస్తే వారంలోపే మొలకలు కనిపిస్తాయి. పిల్లలకి ఆలస్యంగా మొలిచేవి పెట్టకూడదు, వారం దాటితే కుండీ వైపు చూడ్డం మానేస్తారు.

సర్దడం

అట్టపెట్టెలు మందుల షాపులో అడిగి తెచ్చుకుంటాను. శుభ్రంగా, గట్టిగా ఉంటాయి. కిరాణా కొట్లో నూనె ప్యాకెట్ల పెట్టెలు వద్దు, వాసన పోదు. అడుగున బరువు డబ్బాలు, పక్కల సందుల్లో మడిచిన బట్టలు. బట్టలుండగా బుడగల కవరు కొనడం దేనికి?

కొరియర్‌లో పంపేవాళ్ళు ఒక లెక్క తెలుసుకోవాలి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తే వచ్చేదాన్ని కూడా బరువుగానే చూస్తారు. కాటా బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. 40, 30, 25 కొలతల పెట్టె లోపల మూడు కిలోలే ఉన్నా ఆరు కిలోల కింద లెక్క. మరమరాల ఉండలు తేలిక కదా అని మురిసిపోతే చోటంతా అవే తినేస్తాయి, ఛార్జీ మనమే కట్టాలి. ఖాళీగా ఉన్న పెట్టెని అంచుల దగ్గర కోసి, ఎత్తు తగ్గించి మడిచాను. హైదరాబాద్‌ది, విశాఖది మాత్రం ఆర్టీసీ కార్గోలో వేశాం, మా వారు బస్టాండుకి తీసుకెళ్ళారు. అడ్రసు పెట్టె పైన రాసి, ఇంకో కాగితం మీద రాసి లోపల కూడా పెట్టండి. పైది చెరిగినా లోపలిది పనికొస్తుంది.

అన్నిటికంటే పైన, మా అడ్రసు రాసేసిన పోస్టుకార్డులు కొన్ని. రాయడానికి ఇంక వాళ్ళకి విషయమే కావాలి.

మా చెల్లెలు వాళ్ళ మనవరాలు అమెరికాలో ఉంది, తనకీ ఒకటి చేసివ్వమంది. విత్తనాలు, చింతపిక్కలు ఆ పెట్టెలో పెట్టలేదు. మొలకెత్తే గింజలు అనుమతి లేకుండా ఆ దేశంలోకి పోనివ్వరు. గుడ్డ పటం, గౌన్లు మాత్రం ఇచ్చాను.

మే నెల

మామిడి తాండ్ర. మాకు ఆత్రేయపురం దగ్గరే, కొనుక్కోవచ్చు, బాగుంటుంది కూడా. కానీ ఇది నా సరదా. బాగా పండిన రసాలు పిండి, పీచు లేకుండా పలచటి గుడ్డలో వడకట్టాను. కిలో రసానికి పావు కిలో పంచదార. డాబా మీద తాటి చాప పరిచి, నెయ్యి చెయ్యి రాసి, పొద్దున్నే పలచగా ఒక పొర. వేలు పెడితే అంటకుండా ఆరాకే దాని మీద ఇంకో పొర. పొర మందమైతే పైన ఆరినట్టే ఉండి లోపల పులుస్తుంది. ఈగలు వాలకుండా పైన పాత పంచె కట్టాలి, అది తాండ్రకి తగలకుండా నాలుగు మూలలా గిన్నెలు బోర్లించాను.

సగంలో మబ్బు పట్టింది. ఆ రోజు కొత్త పొర వెయ్యకుండా చాప లోపలికి తెచ్చి ఫ్యాను కింద పెట్టాం. మర్నాడు ఎండ చూసుకునే మళ్ళీ మొదలు. ఇప్పటికి చిటికెన వేలు మందం వచ్చింది. రోహిణి కార్తె ఎండ రెండు రోజులు తగిలితే ముక్కలు కోసి, నెయ్యి రాసిన కాగితంలో విడివిడిగా చుడతాను. పిల్లలు ఎలాగూ వస్తున్నారు గనక దీన్ని పార్సిల్ చెయ్యను. తిరుగు ప్రయాణంలో వాళ్ళ బ్యాగుల్లోకే వెళ్తుంది. చివరి రెండు పొరలు వాళ్ళ చేత వేయిద్దామని రసం కొంత ఫ్రిజ్‌లో దాచాను. బెంగళూరు పిల్ల కార్డు రాసింది: పిక్కల్లో ఎనిమిది పోయాయట, తోటకూర పప్పులో వేశారట, పావుగంటలో ఉండలు చుట్టడం అయిపోయిందట, పిండి ఇంకా కావాలట. ఇంకో కిలో మినప్పప్పు తెప్పించాను.