పిల్లలతో క్రిస్మస్ ప్లమ్ కేకు

గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబాలలో క్రిస్మస్‌కు అరిసెలూ, చక్రాలూ వండడం ఆనవాయితీ. వాటి సరసన ప్లమ్ కేకు కూడా చేరి తరాలు గడిచాయి. మన దేశంలో తొలి క్రిస్మస్ కేకును 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు తయారు చేశారనీ, అందులో స్థానికంగా దొరికిన సరుకులు కూడా వాడారనీ చెబుతారు. అందుకే పండ్లు నానబెట్టడానికి బ్రాందీకి బదులు నారింజ రసం వాడడానికి నేనెన్నడూ సంకోచించలేదు, పైగా పిల్లలు తినే కేకు కదా.

పిల్లలకు కేకు మీద చెర్రీలు అద్దే పని మాత్రమే అప్పగించడం నాకు నచ్చదు. అసలు పని వారం ముందే మొదలవుతుంది. కిస్మిస్, నల్ల ద్రాక్ష, గింజలు తీసిన ఖర్జూరం, టూటీ ఫ్రూటీ కలిపి 400 గ్రాములు సిద్ధం చేసుకుని, రసంలో నానబెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఖర్జూరాలు తరగడం, రోజూ ఒకసారి కలియబెట్టడం మా ఇంట్లో పూర్తిగా పిల్లల బాధ్యత. టూటీ ఫ్రూటీ కొంత వాళ్ళ నోళ్ళలోకి పోతుంది కనుక నేను కాస్త ఎక్కువే కొంటాను.

పంచదార మాడ్చడం మాత్రం పెద్దల పని, ఆ సమయంలో పిల్లలు పొయ్యికి దూరంగా నిలబడాలి. మూకుడులో కరిగిన పంచదార తేనె రంగు దాటి, ముదురు ఇటుక రంగుకు వచ్చి, సన్నగా పొగ లేవగానే మంట ఆపి, వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి. పోసిన క్షణంలో అది భగ్గున పొంగి చిందుతుంది. ఇంకో అర నిమిషం ఆగితే చేదెక్కుతుంది, ముందే ఆపితే కేకుకు ఆ నల్లని రంగు రాదు.

వెన్న, పంచదార, మైదా ఒక్కొక్కటి 200 గ్రాములు, గుడ్లు నాలుగు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, దాల్చినచెక్క, లవంగం, జాజికాయల పొడి చిటికెడు చొప్పున సరిపోతాయి. వడకట్టిన పండ్లకు పొడి మైదా పట్టించడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని; పిండి చిక్కగా ఉండి, పండ్లకు ఆ పూత ఉంటే అవి అడుగుకు దిగిపోవు. 160 డిగ్రీల వేడిలో గంటకు పైగా కాల్చి, పుల్ల గుచ్చి చూడాలి.

ఆ రాత్రే కోయమని పిల్లలు బతిమాలతారు. రెండు రోజులు ఆగితే ముక్క పొడిపొడిగా రాలదు, మసాలా వాసన లోపలిదాకా దిగుతుంది. పండుగనాడు ఇరుగుపొరుగు వారికి అరిసెలతో పాటు పంపే పళ్ళెంలో ఎవరింటికి ఎన్ని ముక్కలు పెట్టాలో నిర్ణయించేది కూడా వాళ్ళే.