చిన్నాయన మాట

"పడవలో కూచున్నోడికి కష్టమేముందిరా, ఈదే బిడ్డకు గానీ!"

మధ్యాహ్నం సంగటి ముద్ద తుంచుతూ చిన్నాయన అన్న మాట. రాత్రి పదకొండు దాటినా చెవిలోంచి పోలేదు. మా ఆవిడ కూడా అప్పుడు నవ్వింది. ఆ సంగతి రేపు చూసుకుంటా.

కష్టమేముందా? మా అక్క కూతురు సముద్రంలో దూరాలు ఈదుతుంది, నేను పక్కనే కయాక్‌లో, అంటే తెడ్డేసే చిన్న పడవలో, కాపు కాస్తా. పిల్ల ఈత గంటకు మూడు కిలోమీటర్ల లోపే. కయాక్‌కు అది మరీ నిదానం. తెడ్డు రెండుసార్లు గట్టిగా వేస్తే దాన్ని దాటిపోతాను, వేయకుండా కూచుంటే గాలి పక్కకు తోసేస్తుంది. పిల్లను ఈడ్చేది నీళ్ళు, నన్ను తోసేది గాలి. రెండూ ఒకే దిక్కున పోవు కదా. అది కుడివైపు ఊపిరి పీలుస్తుంది కాబట్టి మొహం తిప్పిన ప్రతిసారీ నేను అక్కడే కనిపించాలి, ముందూ కాదు వెనకా కాదు. అరగంటకోసారి తాడు కట్టిన సీసా విసరాలి. అందులో రాగి అంబలి, బెల్లం, చిటికెడు ఉప్పు. కాస్త చిక్కగా అయిందంటే సీసా మూతి దగ్గరే ఆగిపోతుంది. నిమిషానికి ఎన్ని స్ట్రోకులు వేస్తోందో లెక్కపెట్టాలి, తగ్గుతూ పోతే అలసట ముదిరినట్టు. ఈలోపు నా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, లేచి నిలబడటానికి లేదు. ఒంటికి పోవాల్సొస్తే ఏం చేస్తానో అన్నం తింటున్న మనిషికి చెప్పలేకపోయాను.

2021లో గోలి శ్యామల గారు మనకూ శ్రీలంకకూ మధ్యనున్న పాక్ జలసంధిని, అంటే దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా ఈదారని చెబితే "ఆ, పేపర్లో చూసినా" అన్నాడు. పక్కన పడవలో అన్ని గంటలు కాపు కాసినవాళ్ళ సంగతి ఎవరికి పడుతుంది?

తూపిలిపాళెం సముద్రంలో ప్రాక్టీసు చేసిన ఆరోజు గాలి తిరిగింది. దానికి తోడు పిల్ల ముంజేతికి జెల్లీ ఫిష్ తగిలింది. వాతలా ఎర్రటి గీత, మోచేతి దాకా. ఆగిపోయి, కళ్ళద్దాలు పైకి జరిపి, "మామా, ఒక్క నిమిషం పట్టుకుంటా" అని చెయ్యి చాపింది. నేను తెడ్డు వెనక్కి వేశాను. కయాక్ బారెడు దూరం జరిగింది, దాని చెయ్యి నీళ్ళ మీద పడింది. లాంగ్ డిస్టెన్స్ ఈతలో పడవను ఆసరాగా పట్టుకుంటే ఆ ఈత అక్కడితో చెల్లదు. కానీ అది ఉత్త ప్రాక్టీసు. రాసుకునే అబ్జర్వరు కూడా లేడు. తోడొచ్చిన ఫైబర్ పడవలో జాలరాయన నన్నో కసాయివాణ్ణి చూసినట్టు చూశాడు. పిల్ల ఒక మాట అంది. మా అక్క ఇవి చదువుతుంది కాబట్టి ఆ మాట రాయను. అని, కళ్ళద్దాలు దించుకుని మళ్ళీ మొదలెట్టింది.

ఇంత రాశాక, చిన్నాయన ఆ తర్వాత అన్నది గుర్తొస్తోంది. "మునిగితే ఎత్తుకునేదానికి కదా నిన్ను పెట్టింది?" వెటకారం అనుకున్నాను. ఆయన నిజంగానే అడిగాడేమో. మాట కూడా నిజమే. సీసా విసిరిన ప్రతిసారీ ఏదో ఒక పిచ్చి ప్రశ్న వేస్తాను, చంద్రగిరిలో అమ్మమ్మ వాళ్ళ కుక్క పేరేంటి, అలాంటివి. నాలుక మడతపడినా, జవాబు తప్పినా ఇక రూలూ లేదు గీలూ లేదు, పిల్ల ఏడ్చినా పైకి లాగేయడమే. బాగా అలిసినవాళ్ళకు తాము అలిసిన సంగతి తెలియదు. అది నేను తేల్చాలి. ఆరోజు వెనక్కి జరిగింది కూడా రూలు కోసమే కాదు. పిల్ల గొంతులో వణుకు లేదు, మాట తేటగా ఉంది. ఆ తర్వాత వచ్చిన తిట్టు ఇంకా తేటగా ఉంది.

ఇదంతా చెబితే చిన్నాయనకు అర్థమయ్యేదే. నేనేమో మజ్జిగ పోయించుకుని లేచిపోయాను.

ఇప్పుడొచ్చిన చిక్కేంటంటే, ఆదివారం తానూ వస్తానంటున్నాడు. గట్టున కుర్చీ వేసుకుని కూచుంటాడట. "పడవ పట్టుకో తల్లీ!" అని అక్కణ్ణుంచి అరవకుండా ఉండడు. కారు శ్రీకాళహస్తి దాటేలోపు మా అక్కే ఆయనకు నచ్చజెప్పాలి, నావల్ల కాదు.