చాప్టర్ హౌస్ పక్కన ఆగి ఉన్న ట్రక్కు

నిన్న మాన్యుమెంట్ వ్యాలీ నుంచి ఫీనిక్స్‌కి తిరిగి వస్తూ, అమెరికాలో నవాహో గిరిజనుల సొంత ప్రాంతమైన నవాహో నేషన్‌లో ఒక చాప్టర్ హౌస్ దగ్గర ఆగాం. మన పంచాయతీ ఆఫీసు లాంటిది. అలాంటివి అక్కడ 110 ఉన్నాయి. అంతకుముందు గంటసేపు ఫోన్‌లో సిగ్నల్ లేక, మ్యాప్ ఆగిపోయి మాకు ఒకటే టెన్షన్.

ఆ బిల్డింగ్ పక్కన పాత ట్రక్కులో ఒక అమ్మాయి ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కాలేజీ పరీక్ష రాస్తోంది. ముందు సీట్లో వాళ్ల అమ్మమ్మ. ఇంటి దగ్గర నెట్ రాదట, వైఫై కోసం 40 కిలోమీటర్లు వచ్చారట. మాకు గంటసేపు పట్టిన కష్టం వాళ్లకి రోజూ ఉండేదే.

మూడు రాష్ట్రాల్లో 70 వేల చదరపు కిలోమీటర్ల నేల, ఎక్కడో ఒక ఇల్లు. చాలా ఇళ్లకి ఇప్పటికీ కరెంటే లేదు. లాభం చూసుకునే కంపెనీ అంత దూరం కేబుల్ ఎందుకు వేస్తుంది? ప్రభుత్వమే వేయాలి. గిరిజన ప్రాంతాల బ్రాడ్‌బ్యాండ్‌కి అమెరికా ప్రభుత్వం దాదాపు 300 కోట్ల డాలర్లు కేటాయించింది, సంతోషమే. కానీ అక్కడి పేద కుటుంబాల నెల బిల్లులో 75 డాలర్ల దాకా భరించిన పథకం, నిధులు అయిపోయి 2024లో ఆగిపోయింది. లైను వచ్చినా బిల్లు కట్టలేకపోతే ఎలా? దాన్ని మళ్లీ తేవాలి.

మేం బయల్దేరేసరికి చీకటి పడింది. ట్రక్కులో ఆ లాప్‌టాప్ వెలుగు ఇంకా కనిపిస్తూనే ఉంది.