ఏడేళ్ల పాత పీసీలో వుకాంగ్ నడిపించాం

మా ఇంట్లో డెస్క్‌టాప్ 2017లో అసెంబుల్ చేయించుకున్నది. ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు, 1 టీబీ హార్డ్ డిస్క్, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అప్పట్లో తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ అంటే దాదాపు ఇదే. తర్వాత ఉద్యోగం, ఆఫీసు ల్యాప్‌టాప్ వచ్చాయి. డెస్క్‌టాప్ కరెంటు బిల్లులకూ ప్రింటవుట్లకూ మిగిలింది.

'బ్లాక్ మిత్: వుకాంగ్' 2024 ఆగస్టు 20న విడుదలైంది. చైనాలోని గేమ్ సైన్స్ కంపెనీ చేసిన గేమ్. వానరరాజు కథ, గేములు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ 5 సాఫ్ట్‌వేర్, ఆకు ఆకూ విడిగా కనిపించే అడవులు. ఇంటర్ చదివే మా అక్క కొడుకు దసరా సెలవులకు కరీంనగర్ నుంచి వచ్చి, బ్యాగు కూడా కింద పెట్టకముందే అడిగిన మాట ఇది: "మామయ్యా, నీ పీసీల వుకాంగ్ నడుస్తదా?"

నడవదురా అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కంపెనీ చెప్పిన కనీస అవసరాలు చూస్తే అదే జవాబు. ప్రాసెసర్ ఐ5-8400 గానీ రైజెన్ 5 1600 గానీ ఉండాలి. 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ లేదా ఆర్‌ఎక్స్ 580 8 జీబీ కార్డు, 130 జీబీ జాగా కావాలి. జాగా ఒక్కటి తప్ప ప్రతి వరుసలోనూ మా పీసీ ఒక మెట్టు కిందే ఉంది.

అయితే ఆ పట్టికలో చాలామంది చదవని రెండు సంగతులున్నాయి. కింద చిన్న అక్షరాల్లో, ఇవన్నీ డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్, ఎక్స్‌ఈఎస్‌ఎస్ లాంటివి ఆన్ చేసి పరీక్షించినవని రాసి ఉంటుంది. అంటే గేమ్ తక్కువ రిజల్యూషన్‌లో బొమ్మ గీసి, దాన్ని స్క్రీన్ సైజుకు సాగదీసి చూపిస్తుందన్నమాట. కనీస అవసరం అన్నదే ఆ సాయంతో తేలిన లెక్క. డీఎల్‌ఎస్‌ఎస్ ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ కార్డులకే పనిచేస్తుంది. ఎఫ్‌ఎస్‌ఆర్‌కు ఆ పట్టింపు లేదు, మా 1050 టీఐ మీద కూడా నడుస్తుంది.

రెండోది ప్రాసెసర్. 7400, 8400 అంకెలు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ తేడా పెద్దది. ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి ఐ5లో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, నాలుగు బదులు ఆరు ఇచ్చింది. పోనీ 8400 తెచ్చి పెడదామా అంటే, రెండిటి సాకెట్ పేరూ ఎల్‌జీఏ 1151 అయినా హెచ్110 బోర్డు మీద ఎనిమిదో తరం ప్రాసెసర్ బూట్ కాదు. ఈ బోర్డులో మహా అయితే ఏడో తరం ఐ7 దాకా వెళ్లొచ్చు. దానికి సెకండ్ హ్యాండ్‌లో చెప్పే రేటు విన్నాక నేను ఆ తలుపు మూసేశాను.

మాకు కలిసొచ్చిందేమిటంటే, ఈ గేమ్‌కు ఉచిత బెంచ్‌మార్క్ టూల్, అంటే పీసీ శక్తిని కొలిచే ప్రోగ్రామ్, ఉంది. విడుదలకు వారం ముందే, గేములు అమ్మే స్టీమ్‌లో పెట్టారు. గేమ్ కొనక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసి నడిపితే కెమెరా అడవిలో వాగు మీదుగా తేలుతూ వెళ్తుంది. చివర్లో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు), గరిష్ఠం, కనిష్ఠం చూపిస్తుంది. అందులో ఫైట్లు ఉండవు కాబట్టి అసలు గేమ్ ఇంకొంచెం బరువుగానే ఉంటుందని ముందే అనుకోవాలి. అయినా పైసా ఖర్చు లేకుండా ఇంత తెలియడం నాకైతే బాగా నచ్చింది. ప్రతి పెద్ద గేమ్‌కూ ఇలాంటిది ఉంటే ఎంత టెన్షన్ తప్పేదో.

మొదటిసారి తెరవగానే షేడర్లు (బొమ్మ ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నాయని, అంటే మా కార్డుకు తగ్గట్టు సిద్ధమవుతున్నాయని, ఒక గీత మొదలైంది. నాలుగు కోర్లూ 100 శాతానికి ఎక్కి కూర్చున్నాయి. క్యాబినెట్ ఫ్యాను హోరు వంటింటి దాకా వినిపించి, "ఏమైందిరా దానికి?" అని అమ్మ వచ్చి చూసింది. మేమిద్దరం టీ తాగి, బయటికెళ్లి మిర్చి బజ్జీలు తిని వచ్చినా గీత చివరికి రాలేదు.

అన్నీ 'లో'లో పెట్టి, ఎఫ్‌ఎస్‌ఆర్ ఆన్ చేసి, రిజల్యూషన్ శాతం 50కి తగ్గిస్తే వచ్చింది సగటు 24, కనిష్ఠం 9. మావాడి ముఖం వాడిపోయింది. నాకు మాత్రం ఆ 24 కంటే 9 మీద అనుమానమొచ్చింది. కార్డుకు శక్తి చాలకపోతే బొమ్మ మొదటి నుంచీ చివరిదాకా ఒకేలా నెమ్మదిగా కదలాలి. ఇది అలా లేదు. నాలుగు సెకన్లు బాగానే వెళ్లడం, ఒక్కసారి బిగుసుకుపోవడం, మళ్లీ వెళ్లడం.

అందుకని ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. గేమ్ నడుస్తుండగానే స్క్రీన్ మూలలో కార్డు ఎంత శాతం పనిచేస్తోంది, ఏ కోర్ ఎంత వేడెక్కింది, ర్యామ్ ఎంత నిండింది అన్నీ కనిపిస్తాయి. మళ్లీ బెంచ్‌మార్క్ పెట్టి బొమ్మ వైపు చూడకుండా ఆ మూలే చూస్తూ కూర్చున్నాం. బాగా వెళ్తున్నప్పుడు కార్డు 98 శాతం. బిగుసుకునే క్షణంలో కార్డు 98 నుంచి 30కి పడిపోతోంది! ర్యామ్ 7.7 జీబీ దగ్గర ఆగిపోయి ఉంది. ఆల్ట్, ట్యాబ్ నొక్కి టాస్క్ మేనేజర్ చూస్తే హార్డ్ డిస్క్ 100 శాతం. అంటే ర్యామ్ పట్టక విండోస్ సరుకును డిస్క్ మీద దాచుకుంటోంది. కావలసి వచ్చినప్పుడు ఆ నిదానపు డిస్క్ నుంచి మళ్లీ లాక్కుంటోంది. పొయ్యి వెలిగించుకుని వంటమనిషి సిద్ధంగా ఉన్నాడు, బియ్యం మాత్రం కొట్టు నుంచి ఇంకా రాలేదు.

కార్డు మీద బరువైతే సెట్టింగ్స్‌తో దించొచ్చు. ర్యామ్ లేకపోవడాన్ని ఏ సెట్టింగూ తీర్చదు.

మర్నాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే సీటీసీకి, ఇద్దరం వెళ్లాం. ఒకే స్టిక్కుతో ర్యామ్ సింగిల్ చానల్‌లో నడుస్తుంది. అలాంటిదే రెండోది పెడితే డ్యూయల్ చానల్ అయి, సైజుతో పాటు వేగం కూడా పెరుగుతుంది. అందుకని పాత స్టిక్కు ఊడదీసి జేబులో వేసుకుని వెళ్లాను. షాపతను దాని మీద స్టిక్కర్ చదివి అదే స్పీడుది మరో 8 జీబీ డీడీఆర్4 తీసిచ్చాడు. హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన ఎస్‌ఎస్‌డీ కూడా కావాలి. దాన్ని నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్ మా బోర్డులో లేదు కాబట్టి, కేబుల్‌తో తగిలించే మామూలు సాటా రకం, 500 జీబీది తీసుకున్నాం. రెండూ కలిపి ఐదు వేల లోపే అయ్యాయి.

మావాడి కళ్లు మాత్రం గ్రాఫిక్స్ కార్డుల మీదే ఉన్నాయి. ఇంకో షాపులో సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 8 జీబీ అద్దాల వెనక ఊరిస్తోంది. "మైనింగ్ కార్డు కాదన్నా, ఒక్కరే వాడిన్రు" అన్నాడు అతను, అడక్కుండానే. మైనింగ్ అంటే కార్డులతో లెక్కలు చేయించి క్రిప్టో కరెన్సీ సంపాదించడం. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్ అక్కర్లేదనేసరికి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా అమ్మకానికొచ్చాయి. అవి పనికిరావని నేననను, ఫ్యానూ థర్మల్ ప్యాడ్లూ చూసుకుని కొంటే బాగానే నడిచేవీ ఉంటాయి. అంతకంటే చూసుకోవలసింది ఇంకోటుంది. ఆర్‌ఎక్స్ 580 పేరుతోనే 2048ఎస్‌పీ అనే రకం తిరుగుతోంది. అసలు 580లో బొమ్మ లెక్కలు చేసే షేడర్ యూనిట్లు 2304 ఉంటాయి, ఇందులో 2048. అంటే లోపలున్నది దానికంటే తక్కువ రకమైన ఆర్‌ఎక్స్ 570 సరుకు. జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో షేడర్లు అన్న గడి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. "అన్నా, ఒకసారి పెట్టి జీపీయూ-జెడ్ చూపిస్తారా?" అంటే "టెస్టింగ్ పీసీ ఖాళీ లేదన్నా, సాయంత్రం రండి" అన్నాడు. మేం సాయంత్రం వెళ్లలేదు.

నిజానికి అది అసలు 580 అయినా కొనేవాణ్ని కాదు. ఆ కార్డు ఒక్కటే 185 వాట్లు తాగుతుంది, 8 పిన్ల కనెక్టర్ అడుగుతుంది. మా 1050 టీఐది 75 వాట్లు, విడిగా పవర్ కేబుల్ కూడా లేదు, బోర్డు నుంచే తీసుకుంటుంది. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) మీద 450 వాట్లు అని స్టిక్కరుంది గానీ, అంత ఇస్తుందన్న నమ్మకం నాకు లేదు. కార్డు కొంటే దానితో పాటు కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా కొనాలి. అంతా అయ్యాక నాలుగు కోర్ల ప్రాసెసర్ ఆ కార్డును ముందుకు పోనివ్వదు. డీడీఆర్4 ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అలా కాదు. రేపు రైజెన్ 5 5600 లాంటిది కట్టుకున్నా ఈ రెండూ అందులోకి ఎంచక్కా వెళ్లిపోతాయి. పాత పీసీ మీద ఖర్చు పెట్టేముందు, తర్వాతి పీసీలోకి వచ్చే పార్టు కాకపోతే నేను పర్సు తీయను.

ఇంటికొచ్చి ర్యామ్ గుచ్చి, ఎస్‌ఎస్‌డీలో విండోస్ కొత్తగా వేసుకున్నాం. పనిలో పనిగా ప్రాసెసర్ ఫ్యాను విప్పితే కింద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. బ్రష్‌తో దులిపి కొత్త థర్మల్ పేస్ట్ రాశాం.

అవే సెట్టింగ్స్‌తో బెంచ్‌మార్క్: సగటు 37, కనిష్ఠం 26. ఈసారి కార్డు మొదటి నుంచీ 97, 98 దగ్గరే ఉంది. ఇప్పుడు అడ్డం పడుతున్నది కార్డే. ఇలా ఉంటేనే సెట్టింగ్స్‌తో ఆడుకోవచ్చు.

మిగిలింది గేమ్ కొనడం. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కిస్తారు. పాత పీసీవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. షేడర్లు కంపైలయ్యే సమయమూ ఆడిన సమయంలోకే వస్తుంది. గేమ్ తెరిచి భోజనానికి వెళ్తే ఆ రెండు గంటల్లో మంచి ముక్క హారతి కర్పూరమే. మేం గడియారం పక్కన పెట్టుకుని, కంపైల్ అవగానే మొదటి అడవిలోకి వెళ్లి, రెండు మూడు ఫైట్లు చేసి, ఉంచుకుందామని తేల్చుకున్నాం.

సెట్టింగ్స్‌లో ఏది దించితే ఎంత వస్తుందో మావాడు సెలవులంతా పరిశోధన చేశాడు. మా పీసీలో ఎక్కువ తినేవి గ్లోబల్ ఇల్యూమినేషన్ (వెలుతురు ఎలా పరుచుకుంటుందో లెక్కకట్టేది), నీడలు, చెట్లూచేమలు. అవి 'లో'లోనే ఉండాలి. టెక్స్చర్లు (వస్తువుల పైన అతికించే బొమ్మలు) 'మీడియం'కు పెంచితే ఫ్రేములు పెద్దగా తగ్గలేదు గానీ 4 జీబీ వీడియో మెమరీ అంచుకు వచ్చేసింది, మళ్లీ దించేశాం. రిజల్యూషన్ శాతం 50 నుంచి 58కి పెంచితే దూరపు కొమ్మలు కాస్త తేరుకున్నాయి. వానరుడి బొచ్చు మాత్రం కదిలినప్పుడల్లా మిలమిలా వణుకుతుంది. దానికి మందు లేదు.

అన్నిటికంటే బాగా పనిచేసింది ఫ్రేములు 30కి లాక్ చేయడం. వదిలేస్తే 28కీ 42కీ మధ్య ఎగిరెగిరి పడుతుంది. కంటికి చిరాకు, చేతికి లెక్క దొరకదు. 30కి కడితే ప్రతి ఫ్రేముకూ 33 మిల్లీసెకన్లు, ఒకే లయ. ఇది శత్రువు కర్ర ఎత్తిన క్షణం కనిపెట్టి పక్కకు దూకాల్సిన గేమ్. దానికి వేగం కంటే లయే ముఖ్యమని నా అభిప్రాయం. మావాడు, అసలు ఫ్రేముల మధ్య కొత్తవి చేర్చే ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసి "మామయ్యా, 55 వస్తున్నయ్!" అని కేకేశాడు. అంకె నిజమే, కానీ మధ్యలో చేర్చిన ఆ ఫ్రేములు మన బటన్ నొక్కును పట్టించుకోవు. పైపెచ్చు ఆలస్యం పెరుగుతుంది. మొదట్లో ఎదురయ్యే ఆ పెద్ద తలకాయవాడు వాడిని వరసగా చితక్కొట్టాక మారు మాట్లాడకుండా ఆఫ్ చేశాడు. 30కి తిరిగొచ్చాక కూడా తన్నులు తిన్నాడు, అది వేరే సంగతి.

మూడో అధ్యాయంలో మంచు కొండలు వచ్చేసరికి కొన్ని చోట్ల 24, 25కి జారింది. అక్కడ రిజల్యూషన్ మళ్లీ 50కి దించుకుని దాటేశాడు. వాడి ఫ్రెండ్స్ ఫోన్లు చేసి, గ్రాఫిక్స్ కార్డు లేని నాలుగో తరం ల్యాప్‌టాప్‌లో వస్తుందా అని అడిగితే మాత్రం బెంచ్‌మార్క్ కూడా దింపుకోవద్దనే చెప్పించాను.

ఈ పీసీ హద్దు ఎక్కడో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. 'ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్', 'డూమ్: ది డార్క్ ఏజెస్' లాంటివి కార్డులోనే రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారి లెక్కకట్టే సౌకర్యం) ఉండాలంటాయి. ఏ సెట్టింగ్ ఎంత దించినా 1050 టీఐ మీద అవి నడవవు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆగింది, ఏడో తరం ఐ5ను విండోస్ 11 అధికారికంగా తీసుకోదు. మా కార్డు చిప్ చేసిన ఎన్విడియా కూడా అదే నెలతో ఈ తరం కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేస్తున్నామని, 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తామని ప్రకటించింది. మావాడికి ఇవన్నీ చెబితే, "అయితే ఎంసెట్ అయినంక కొత్తది కడదామా మామయ్యా?" అన్నాడు. ర్యాంకు చూసి మాట్లాడదామన్నాను.