దప్పళంలోకి పార్స్‌నిప్

ఇంగ్లండ్‌లో పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగు ఇళ్లలో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది. వారాంతం రాగానే ఇండియన్ స్టోర్‌కి వెళ్తాం. దొండకాయలు, మునక్కాడలు, గోరుచిక్కుళ్లు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అవి చాలావరకు విమానంలో వచ్చినవి కాబట్టి ధర చూసి కాసిని మాత్రమే తీసుకుంటాం. ఆదివారం రాత్రికి అవి అయిపోతాయి. సోమవారం నుంచి మళ్లీ బంగాళాదుంప, టమాటా, ఉల్లిపాయ, మధ్యలో పాస్తా. దీనివల్ల పిల్లల మనసులో ఏం పడుతుందంటే, మన తిండి ఖరీదైనదని, ఎక్కడి నుంచో రావాలని, సెలవురోజు మాత్రమే తినేదని.

నాకిది నచ్చదు. కూరగాయ మన ఊరిది కానక్కర్లేదు. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, పొడి, ఈ ఐదూ చేయడం తెలిసిన ఇంట్లో ఇక్కడి నేలలో పండే ప్రతిదీ ఇమిడిపోతుంది. ఖర్చు తగ్గుతుంది, పిల్లల కంచంలోకి రకాలు పెరుగుతాయి, రోజూ తినేది మన వంటే అవుతుంది. మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. వాళ్లకు కేల్ పరాయి ఆకు కాదు, పప్పు పరాయి వంట కాదు. రెండూ ఒకే గిన్నెలో ఉడకడానికి అభ్యంతరం ఏముంటుంది?

రకాల సంగతి ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. అమెరికన్ గట్ ప్రాజెక్ట్ అనే పెద్ద పరిశీలనలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి 10,000 మందికి పైగా నమూనాలు పంపారు. 2018లో ఫలితాలు వచ్చాయి. వారానికి 30కి పైగా రకాల మొక్కల ఆహారం తినేవాళ్ల పేగుల్లోని సూక్ష్మజీవుల్లో, 10 రకాలో అంతకంటే తక్కువో తినేవాళ్లతో పోలిస్తే ఎక్కువ వైవిధ్యం కనిపించింది. మనిషి తనను శాకాహారి అని చెప్పుకున్నాడా లేదా అన్నదానికంటే ఎన్ని రకాలు తిన్నాడన్నదే ఎక్కువ తేడా చూపించింది. శాకాహారులమైన మనం ఆగి ఆలోచించాల్సిన మాట అది. రోజూ అన్నం, బంగాళాదుంప వేపుడు, పెరుగు తిన్నా శాకాహారమే కదా. అయితే అది రెండు విషయాలు కలిసి కనిపించాయన్న ఫలితమే. 30 తింటే జబ్బులు రావని దాని అర్థం కాదు. ఆ అంకె పట్టుకుని పిల్లల వెంటపడి తినిపించాల్సిన అవసరమూ లేదు.

నేను పీచు సంగతి అంతకంటే ఎక్కువ చూస్తాను. బ్రిటన్‌లో 2015 నుంచి ఉన్న సిఫార్సు ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు రోజుకు 20 గ్రాముల పీచు కావాలి, 11 నుంచి 16 ఏళ్ల వాళ్లకు 25, పెద్దవాళ్లకు 30. తెల్లన్నం, తెల్ల బ్రెడ్ మీద నడిచే ఇంట్లో ఇది అందదు. పప్పు దినుసులు రోజూ ఉండే ఇంట్లో పెద్దగా కష్టపడకుండానే అందుతుంది.

మా పెద్దది ఫ్రిజ్ మీద కాగితం అంటించి, ఆ వారం తిన్న మొక్కల పేర్లన్నీ రాయడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్నంలో కందిపొడి కలుపుకుని తిని, లేచి వెళ్లి ‘పొడి’ అని ఒకటే రాసింది. ఇద్దరం కలిసి డబ్బా ముందు పెట్టుకుని విప్పి చూశాం. కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు, నువ్వులు, నేను కలిపే అవిసెగింజలు. వాటితోపాటు ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు.

“అమ్మా, ఇవన్నీ ఈ రెండు స్పూన్లలోనే ఉన్నాయా?”

“ఉన్నాయి నాన్నా. కానీ జీలకర్ర చిటికెడే కదా, దాన్ని క్యారెట్‌తో సమానంగా రాయకు.”

ఇక్కడ ఇలా లెక్క పెట్టేవాళ్లలో కొందరు మసాలా దినుసులను పావు వంతుగా రాసుకుంటారని చెబితే, ఆ భిన్నాల లెక్కలన్నీ తనే వేసుకుంది. అప్పటి నుంచి పొడుల డబ్బాలంటే దానికి గౌరవం వచ్చింది. డబ్బు చూసి ఖర్చు పెట్టే ఇంటికి పొడిని మించిన సాయం లేదు. ఒక్కసారి వేయించి దంచితే వారాల తరబడి ఉంటుంది, వండే ఓపిక లేని రోజున కూడా అయిదారు రకాలు కంచంలోకి వచ్చేస్తాయి. స్కూల్ లంచ్ డబ్బాలోకి మాత్రం నేను పల్లీ పొడి పెట్టను. ఎలర్జీ ఉన్న పిల్లల కోసం చాలా స్కూళ్లలో జీడిపప్పు, బాదం లాంటి నట్స్, పల్లీలు తేవద్దంటారు. నువ్వుల సంగతి కూడా అడిగి కనుక్కోవడం మంచిది.

ఇక దప్పళం. ఇంతమంది ఇంత దూరం వచ్చి ఇడ్లీ, దోసె, బిర్యానీలను పట్టుకున్నంత గట్టిగా దప్పళాన్ని ఎందుకు పట్టుకోలేదో నాకు అర్థం కాదు. వారం చివర ఫ్రిజ్‌లో మిగిలే ఒక క్యారెట్, సగం ఉల్లిపాయ, రెండు బీన్స్, చిన్న గుమ్మడి ముక్క, వీటితో ఇంకే వంటా కాదు. దప్పళానికి కావలసింది సరిగ్గా అవే. ఊళ్లో గుమ్మడికాయ, చిలగడదుంప, ముల్లంగి, సొరకాయ, మునక్కాడ వేసేవాళ్లం. ఇక్కడ నేను బటర్‌నట్ స్క్వాష్ (ఒక రకం గుమ్మడి), పార్స్‌నిప్ (తెల్ల క్యారెట్‌లాంటి దుంప), స్వీడ్ (గట్టి దుంప), క్యారెట్, లీక్స్ (లావుపాటి ఉల్లికాడల్లాంటివి), రన్నర్ బీన్స్ వేస్తాను. ఏ కాలానికి ఏది చవగ్గా దొరికితే అది.

ముక్కలు పెద్దవిగానే కోయాలి. ముందు స్వీడ్, క్యారెట్ వేసి కొంచెం ఉడకనివ్వాలి, అవి గట్టివి. తర్వాత పార్స్‌నిప్, స్క్వాష్. లీక్స్ ఆఖరున. పార్స్‌నిప్ తియ్యటి దుంప కాబట్టి బెల్లం ఎప్పుడూ వేసేదానికంటే తగ్గించుకోవాలి, లేకపోతే పులుసు పానకం అవుతుంది. చింతపండు రసం ముక్క మెత్తబడ్డాకే పోయాలి. ముందే పోస్తే పులుపుకి ముక్క ఉడకదు, ఆ స్వీడ్ ముక్కలు ఎంతసేపు మరిగినా గట్టిగానే ఉంటాయి. చివర్లో చెంచాడు శనగపిండి నీళ్లలో కలిపి పోసి, చిక్కబడ్డాక ఇంగువ తాలింపు పెట్టాలి. ఆ ఒక్క గిన్నెలో ఆరేడు రకాలు ఉంటాయి. మర్నాటికి రుచి ఇంకా పెరుగుతుంది. మా చిన్నవాడు స్వీడ్‌ను పక్కకు నెట్టి పార్స్‌నిప్ ఏరుకుంటాడు, పెద్దది స్క్వాష్ వదలదు. కంచంలో ఏరుకునే స్వేచ్ఛ ఇవ్వడం వల్లే ఆ గిన్నె మీద వాళ్లకు కోపం రాలేదని నా నమ్మకం.

వసంతం మొదలయ్యేసరికి రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క వస్తుంది. ఇక్కడివాళ్లు చక్కెర వేసి క్రంబుల్ అనే తీపి వంటకం చేసుకుంటారు. ఆ పులుపు చూస్తే తెలుగువాళ్లకు వెంటనే గోంగూర పప్పు గుర్తొస్తుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. రూబార్బ్ ఆకు విషం, అందులో ఆక్సాలిక్ యాసిడ్ ఎక్కువ. ఆకుకూర అనుకుని పొరపాటున కూడా వండకూడదు, ఎర్రటి కాడలు మాత్రమే వాడాలి. పెరట్లో పెంచుకునేవాళ్లు పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. పప్పు ఉడికాక కాడ ముక్కలు వేస్తే కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతాయి. వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు బాగా తగలాలి. గోంగూర రుచి అచ్చంగా రాదు గానీ, దాని రుచి దానికుంది.

పక్కింటి పెద్దాయన కౌన్సిల్ వాళ్లు అద్దెకిచ్చే అలాట్‌మెంట్ అనే చిన్న స్థలంలో కూరగాయలు పండిస్తారు. ఆగస్టులో ఆయనకు కోర్జెట్లు (జుకినీలు) ఎవరికి పంచాలో తెలియనంత కాపు వస్తుంది. రెండు మూడు రోజులు కోయకపోతే చాలు, సొరకాయంత అవుతాయి. అలాంటి ముదురు కాయలు ఎవరూ తీసుకోరు, నేను అడిగి మరీ తెచ్చుకుంటాను. కండ పెసరపప్పు వేసి కూర, తొక్క పచ్చడి. బీరపొట్టు పచ్చడి తెలిసిన చేతికి ఇది కొత్త పని కాదు: తొక్కలు పచ్చిమిర్చితో నూనెలో మగ్గనిచ్చి, వేయించిన నువ్వులు, చింతపండు వేసి రుబ్బడమే. మన పెద్దవాళ్లు బీరకాయ చివర కోసి చేదు చూసినట్టే దీన్నీ చూడాలి. బాగా చేదుగా ఉంటే పారేయాలి, ఆ చేదు కడుపును పాడుచేస్తుంది. మొదటిసారి ఆ పచ్చడి సీసా మా చిన్నవాడితో పంపిస్తే, పెద్దాయన అది చీజ్ శాండ్‌విచ్‌లో పెట్టుకుని తిన్నారట. ఆ కబురు మోసుకొచ్చినప్పుడు వాడి ముఖంలో కనిపించిన గర్వం నాకెంతో విలువైనది. మన తిండిని దాచుకోవాల్సిన అవసరం లేదని వాడికి నేను మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు.

అక్టోబర్ చివర హాలోవీన్ గుమ్మడికాయల సంగతీ అంతే. పండగ మర్నాటికి మిగిలినవి దుకాణాల్లో బాగా తగ్గించి అమ్ముతారు. చెక్కడానికి పెంచే కాయలకు నీరెక్కువ, తీపి తక్కువ, కాబట్టి ఒట్టి కూరకు బాగోవు. ఆవపెట్టి చేస్తే మాత్రం లొట్టలేసుకుంటూ తింటారు. గింజలు కడిగి ఆరబెట్టి, ఉప్పు కారం చల్లి ఓవెన్‌లో వేయించడం మా పిల్లల పని. దీపం పెట్టి రోజుల తరబడి బయట ఉంచిన కాయను మాత్రం వండొద్దు.

డబ్బు విషయంలో అన్నిటికంటే పెద్ద తేడా చూపించేవి పప్పు దినుసులు. ఎర్ర మసూర్, ఎండు బఠాణీ పప్పు, శనగలు, అలసందలు పెద్ద సంచుల్లో కొంటే డబ్బాల్లో దొరికే వాటికంటే చాలా చవక. కందిపప్పు ధర పెరిగిన నెలలో సగం కంది, సగం మసూర్ కలిపేస్తాను. ఒకటికి రెండు రకాలయ్యాయి, ఖర్చూ తగ్గింది. రాజ్మా మాత్రం రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించాలి. సన్నటి వేడి మీద స్లో కుక్కర్‌లో నేరుగా వేస్తే అందులోని విషపదార్థం పోదు, వాంతులు పట్టుకుంటాయి. డబ్బాలో వచ్చేవి ముందే ఉడికినవి కాబట్టి ఆ భయం లేదు. ఫ్రీజర్‌లో బఠాణీ, పాలకూర, మొక్కజొన్న ఎప్పుడూ ఉంటాయి. వాటిని కోసిన కొద్దిసేపటికే గడ్డకట్టిస్తారు, పోషకాలు పెద్దగా పోవు. సాయంత్రం పూట ధర తగ్గించి పసుపు స్టిక్కర్ వేసిన కొత్తిమీర, పుదీనా, పార్స్‌లీ కట్టలు కనిపిస్తే ఆ రాత్రికే పచ్చడి చేసేస్తాను.

స్కూల్‌లో మధ్యాహ్నం ఏం తినాలన్నది పిల్లల ఇష్టానికే వదిలేశాను. దీనిమీద మా ఆయనకూ నాకూ కొంత వాదన నడిచింది. ఇంటి నుంచే డబ్బా పెడదామని ఆయన, స్నేహితులతో కలిసి అక్కడి భోజనమే తిననిద్దామని నేను. జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప) మీద బేక్డ్ బీన్స్ వేసుకు తిన్నా అది పప్పు దినుసే కదా. ఇంగ్లండ్‌లో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ప్రభుత్వ స్కూళ్లలో రోజూ ఒక పండో కూరగాయో ఉచితంగా ఇచ్చే పథకం ఉంది. మా చిన్నవాడు బేరిపండు తినడం నేర్చింది అలాగే. నేను ఎంత బతిమాలినా ముట్టనిది, పక్కనున్న పిల్లలందరూ కొరుకుతుంటే తనూ కొరికాడు. పిల్లలు ఒక కొత్త రుచికి అలవాటు పడటానికి పదిసార్లకు పైగా కూడా పట్టవచ్చని వైద్యులు చెబుతారు. అందుకే వద్దన్నది కొద్దిగా, గొడవ పెట్టకుండా, మళ్లీ మళ్లీ కంచంలో పెడతాను. తింటే సరే, వదిలేసినా సరే.

అత్తయ్య వీడియో కాల్‌లో మొదట అడిగేది కూర సంగతే.

“ఏం వండావమ్మా ఇవాళ?”

“కేల్ పప్పు అత్తయ్యా.”

“అదేం ఆకే? చూపించు.” చిన్నవాడు ఒక ఆకు తెచ్చి ఫోన్‌కి అడ్డంగా పెట్టాడు. ఆవిడ కాసేపు చూసి, “ముదురుగా ఉందిరా. మధ్యలో ఈనె తీసేయమను మీ అమ్మని. సన్నగా తరిగి, ముందు నూనెలో వాడ్చి అప్పుడు పప్పులో వేయమను” అన్నారు. ఆవిడ చెప్పినట్టే చేస్తున్నాను. ఎన్నడూ తినని ఆకును కూడా చూసి ఎలా వండాలో చెప్పగల ఆ నేర్పే పిల్లలకు అందాలని నా ఆశ.

పెద్దది ఇప్పుడు సెకండరీకి వచ్చింది. శనివారం మధ్యాహ్నం వంట దానిదే. లీక్స్‌తో పప్పు దానికి బాగా కుదిరింది. ఒక కప్పు మసూర్ పప్పుకి మూడు కప్పుల నీళ్లు, పసుపు వేసి ఉడకబెడుతుంది. రెండు లీక్స్ నిలువునా చీల్చి, పొరల మధ్య మట్టి పోయేలా కడిగి, చక్రాలుగా తరిగి, నూనెలో మెత్తబడేదాకా వేయించి కలుపుతుంది. ఆకుపచ్చ భాగం కూడా పారేయదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు. దించాక నిమ్మకాయ పిండుతుంది, అందులోని విటమిన్ సి వల్ల పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని స్కూల్లో చదువుకుందట. అన్నం ఉంటే అన్నంతో, లేకపోతే టోస్ట్ మీద వేసుకుని తింటారు ఇద్దరూ. పప్పు టోస్ట్ మీద ఏంటని మా ఆయన అడిగారు గానీ, తర్వాత ఆయనా రెండు ముక్కలు తిన్నారు.