గెలాక్సీ గోల్డ్

సియాటిల్‌లో అమ్మాయి వాళ్ల ఇంటికి వెళ్లిన మొదటి రోజే వంటగట్టు మీద చెయ్యి వేసి ఆగిపోయాను. నల్లటి రాయి, లోపల బంగారు చుక్కలు. "ఇది మన చీమకుర్తి రాయే" అన్నాను. "అద్దె ఇల్లు నాన్నా, ఎవరు వేయించారో ఏమో" అంది. ఎవరు వేయిస్తేనేం, బ్లాక్ గెలాక్సీ అనే ఈ రాయి దొరికేది ఒంగోలు దగ్గర మా ఊళ్లోనే. 22 ఏళ్లు క్వారీలో బ్లాకులు కొలిచినవాణ్ణి, పొరబడను. ఆ చుక్కలు బంగారమేమీ కాదు లెండి, బ్రాంజైట్ అనే ఖనిజం.

ఆ శనివారం స్పేస్ నీడిల్‌కు తీసుకెళ్లారు. 1962లో ఆ ఊళ్లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన గోపురం, 605 అడుగులు. అందరూ తలెత్తి చూస్తుంటే నేను మొదలు చూస్తూ నిలబడ్డాను. 30 అడుగుల లోతు గొయ్యి తీసి, ఒక్క రోజులో 467 లారీల కాంక్రీటు పోశారట. మా క్వారీలో పది లారీలు ఒకేసారి వస్తే కాటా దగ్గర కొట్టుకునేంత పని అయ్యేది! పునాది బరువే 5,850 టన్నులు. అందుకే అంత పొడుగు కట్టడానికీ గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటు, నేల నుంచి 5 అడుగుల ఎత్తులోనే ఉంది. తంజావూరు బొమ్మను ఎంత తోసినా పడదు చూడండి, అదే కిటుకు.

అప్పట్లో అంతా అంతరిక్షం మోజు. గోపురం కాళ్లకు వేసిన తెలుపు పేరు ఆస్ట్రోనాట్ వైట్. పైకప్పు రంగు పేరు గెలాక్సీ గోల్డ్! పేరుకే గోల్డు, చూస్తే నారింజ. 2012లో యాభయ్యేళ్ల పండుగకు మళ్లీ అదే రంగు వేశారట. మా రాయికీ దానికీ ఏ చుట్టరికమూ లేదని తెలుసు, అయినా ఆ మాట వినగానే మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. ఆవిడ పట్టించుకోలేదు.

ప్రదర్శన ఆరు నెలలు నడిచింది, కోటిమందికి దగ్గరగా వచ్చారు. ముగింపునాడు రావలసిన అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనడీ జలుబని మానుకున్నాడు. అసలు సంగతి క్యూబాలో సోవియట్లు పెట్టిన క్షిపణులని మర్నాడు బయటపడింది.

మా వైపు తిరునాళ్ల ముగిసిన మర్నాడు మైదానంలో గుంజలు పీకిన గుంతలూ చెరకు పిప్పీ తప్ప ఏమీ మిగలవు. వీళ్లు మాత్రం ముందే లెక్క వేసుకుని, చాలావాటిని తర్వాత కూడా ఊరికి పనికొచ్చేలా కట్టారు. నాటి మోనోరైలు ఇప్పటికీ నడుస్తోంది, మేమూ ఎక్కాం. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ ప్రదర్శనకు కట్టిన కొలీజియం అనే పెద్ద హాలు. దాన్ని కొత్త క్రీడాప్రాంగణంగా మార్చేటప్పుడు 1962 నాటి పైకప్పును దించలేదు. సుమారు 20,000 టన్నుల కప్పును గాలిలో ఆపి, కింద నేల తవ్వుకుంటూ పోయారు. 2021లో తెరిచారు. పాతిక టన్నుల బ్లాకు లేపేటప్పుడే మేము అందరినీ దూరం జరగమని కేకలు పెట్టేవాళ్లం. తవ్వడం మాకు చేతగాక కాదు. చీమకుర్తిలో మా గోతులు అంతకంటే లోతు, వానాకాలం నీళ్లతో నిండి ఉంటాయి.

ఆ కొలీజియంలో అప్పట్లో జనాన్ని పైకి తీసుకెళ్లిన గాజుబుడగ లాంటి లిఫ్టు తర్వాత ఎవరి పెరట్లోనో మొక్కల పందిరి అయిందని అల్లుడు చెప్పాడు. అంతసేపూ నోరు విప్పని మా ఆవిడ అప్పుడు అడిగింది: "అందులో కాకరపాదు వస్తుందా?"