లెక్క తప్పింది

"ఉండవే, లెక్క తప్పింది" అంది అక్క, చరణం మధ్యలో.

హార్మోనియం మెట్ల మీద నా చేతులు అలాగే ఆగిపోయాయి. రేపు చర్చి ఆరాధనలో ఇద్దరం పాడాలి. తను మాత్రం ప్రభు బల్ల గుడ్డకి లేసు అంచు అల్లుతూనే ప్రాక్టీసు చేస్తానంటుంది. లేసుల నరసాపురం మనిషి కదా, చేతిలో సూది లేకపోతే గొంతు పెగలదు.

ఏడు గొలుసు కుట్లు వేయాల్సిన చోట తొమ్మిది వేసేసిందట. సర్రున దారం లాగేసింది. అరగంట పని ఉంగరాలు ఉంగరాలుగా ఒళ్లో పడింది. నాకు ప్రాణం ఉసూరుమంది. తనకేం లేదు, "పల్లవి నుంచి ఎత్తుకో" అంది.

అమ్మమ్మ కూడా ఇంతే, తప్పు కనబడితే నిద్రపోయేది కాదు. కాకపోతే ఆవిడ అల్లింది కూలికి. స్కాట్లాండ్ మిషనరీలు మా వైపు నేర్పిన ఈ పనికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. చూడ్డానికి ఆవిడ లేదు.

పాట తప్పుల్ని కూడా ఇలా విప్పేసుకోవచ్చేమో అనుకుంటూ ఇంకో రెండుసార్లు పాడాం. మూడో చరణంలో నా శ్రుతి ఇప్పటికీ అనుమానమే.

పదకొండైంది. అంచు ఇంకా జానెడు మిగిలింది. ఆ మూల మీద పూలకుండీ పెట్టేద్దామంటోంది అక్క.